జంపఖానానా, తివాచీనా? కార్తీకం చలికి ఏది మేలు

బతుకమ్మ పండగ అయిపోయి ఆశ్వయుజం చివరికొచ్చేసరికి నాకు ఏటా ఒకటే ప్రశ్న. "కింద కూర్చోడానికి చేనేతది ఒకటి కొనాలనుకుంటున్నాం. వరంగల్ జంపఖానా తీసుకోమంటావా, ఏలూరు తివాచీ తీసుకోమంటావా?" నన్నే ఎందుకు అడుగుతారంటే నేను పుట్టింది ఏలూరు, మెట్టింది హనుమకొండ. ఇంట్లో రెండూ ఉన్నాయి. పుట్టింటి వైపు మాట్లాడతానని కొందరి అనుమానం, అత్తింటివాళ్లకి భయపడి చెప్తానని ఇంకొందరిది. ఈ ఏడు హాల్లోకి మళ్లీ ఒకటి కొన్నాం. ఏం కొన్నామో, ఎందుకు కొన్నామో ఒకసారి రాసేస్తే ఓ పనైపోతుంది.

రెండింటి తేడా మీకు తెలిసిందే. జంపఖానాలో పడుగూ (నిలువు దారాలు) నూలే, పేకా (అడ్డ దారాలు) నూలే. పేకని దగ్గర దగ్గరగా కొట్టేసరికి పడుగు కనపడకుండా పోతుంది. రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి ఓ వైపు మాస్తే తిప్పి వేసుకోవడమే. తివాచీ అలా కాదు. పడుగు దారాలకి ఉన్నిని ఒక్కో ముడిగా వేసి, కోసి, వరస పూర్తయ్యాక పేక వేసి దిగ్గొట్టాలి. అంగుళానికి అటు ఆరు, ఇటు ఆరు ముడులే అనుకున్నా నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడుగు తివాచీకి 1,24,416 ముడులు. ఆ లెక్క మా పెద్దాడితో వేయించాను, కాలిక్యులేటర్ ముట్టుకోనివ్వకుండా. ధర చూసి గుండె పట్టుకునేవాళ్లు ముందు ఈ లెక్క వేసుకోవాలి. జంపఖానాతో పోలిస్తే తివాచీ ఎన్నో రెట్లు ఖరీదు, అందులో అన్యాయం ఏమీ లేదు.

పేరు విషయంలో రెండు ఊళ్లకీ సమానమే. పర్షియా వైపు నుంచి వచ్చిన నేతగాళ్ల వల్ల ఏలూరుకి ఈ పని అబ్బిందంటారు. అక్కడ నేసినవి ఎక్కువగా విదేశాలకే పోయేవి కాబట్టి ఏలూరులో పుట్టిన మాకే తివాచీ ఉన్న ఇల్లంటే గొప్ప. వరంగల్ అనగానే ఇప్పుడు అక్కడి కొత్తవాడలో నేసే జంపఖానాలే గుర్తొస్తాయి. 2018లో వాటికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. కానీ ఒకప్పుడు వరంగల్‌కీ తివాచీల పేరు ఉండేది. 1851లో లండన్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనకి ఇక్కడి తివాచీలు వెళ్లాయి. మా మామయ్య ఈ సంగతి ఎత్తారంటే మా నాన్న వచ్చారని అర్థం.

వెచ్చదనంలో తివాచీదే పైచేయి, ఒప్పుకోవాల్సిందే. ఉన్ని కుచ్చుల్లో గాలి నిలుస్తుంది, నేల చల్లదనం పైకి రాదు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ ఇక్కడికొస్తే దాని మీదే కూర్చుంటుంది. కానీ మన కార్తీకంలో చలెంత? తెల్లవారుజామున దీపం పెట్టడానికి లేచినప్పుడు పాదాలకి గ్రానైట్ జిల్లుమంటుంది, అంతే. దానికి మందంగా నేసిన జంపఖానా సరిపోతుంది. చాలకపోతే కింద పాత దుప్పటి పరుచుకోవచ్చు.

నా మటుకు తేల్చేది వెచ్చదనం కాదు, అందమూ కాదు, ధర కూడా కాదు. ఉతుక్కోగలమా లేదా, అంతే.

ఎందుకంటే మా ఇంట్లో ఈ రోజుల్లో అందరి బతుకూ కింద మీదే. ఆరున్నరకే చీకటి పడుతుంది. పిల్లలు పుస్తకాలు ముందేసుకుంటారు, అత్తయ్య వత్తులు చేసుకుంటారు, నేను పక్కనే కూర గిల్లుతుంటాను, ఈయన లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పని చేస్తున్నట్టు కనిపిస్తారు. ఉడకబెట్టిన పల్లీలూ అక్కడే, టీ అక్కడే, ఒక్కోసారి రాత్రి భోజనం కూడా. ఇన్ని జరిగే చోట ఏదో ఒకటి ఒలకకుండా ఉంటుందా?

మూడేళ్ల కిందట సద్దుల బతుకమ్మ నాడు ఒలికింది పులిహోర. అప్పుడు పరిచి ఉంది తివాచీ, నా పెళ్లికి నాన్న ఇచ్చింది. నూనె, పసుపు రెండూ కలిసి దిగాయి. ఉన్నికి రంగు వేసినట్టే పట్టేసింది పసుపు. నేను తడిగుడ్డతో రుద్ది ఇంకాస్త లోపలికి పంపాను (రుద్దకూడదు, పొడిగుడ్డతో అద్దాలి, ఆ తర్వాత తెలిసింది). శుభ్రం చేసే షాపుకి ఇస్తే రెండు వారాల తర్వాత వచ్చింది. మరక సగం పోయింది, కానీ అంచులోని ఎరుపు పక్కనున్న మీగడ రంగు భాగంలోకి దిగిపోయి ఉంది. అడిగితే "పాతది కదమ్మా, అంతే" అన్నాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

"ఇంటికి పెద్ద చుట్టం వచ్చినట్టుంది బిడ్డా నీ తివాచీ, పిల్లల్ని దాని మీద తిననియ్యవు, పండనియ్యవు" అని అత్తయ్య ముందే అన్నారు. అప్పుడు కోపం వచ్చింది గానీ మాట నిజం. పరిచిన నాటి నుంచి నేను కాపలానే కాశాను.

జంపఖానా ఉతకడం కూడా మాటలు కాదు, తడిస్తే బండంత బరువు. కొత్తది మొదటిసారి రంగు వదులుతుంది, నాది నా తెల్ల నైటీని గులాబీ చేసి పెట్టింది. అందుకే మొదటి ఉతుకు విడిగా, చన్నీళ్లలో ఉప్పు వేసి. వేడినీళ్లు, బ్లీచింగ్ వద్దు. వాషింగ్ మెషిన్లో వేయకండి, నీళ్లు పీల్చిన బరువుకి డ్రమ్ము తిరగలేక గోల పెడుతుంది. మేం డాబా మీద పరిచి సబ్బు నీళ్లు పోస్తాం, పిల్లలు దాని మీద గంతులేస్తారు. వాళ్లకి అదో ఆట, మాకు ఉతుకు. తర్వాత నేనో కొస, ఈయనో కొస పట్టుకుని పిండుతాం. పిట్టగోడ మీద నీడపట్టున ఆరేస్తే రంగు నిలుస్తుంది. పసుపు మరకున్న చోటు మాత్రం ఓ పూట ఎండ తగలనిస్తే చాలు, మరక దానంతట అదే తేలిపోతుంది.

మడత పెట్టగలగడం ఇంకో లాభం. వనభోజనాలకి చంకలో పెట్టుకుని పోవచ్చు. తివాచీని మడిస్తే విరుపు పడుతుంది, చుట్టే ఉంచాలి. పైగా అక్టోబరు, నవంబరుల్లో కోస్తాకి తుపాన్ల కాలం. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే ఉన్ని చెమ్మ పీల్చి వాసన వేస్తుంది, ఆ తర్వాత పురుగు. ఏలూరులో అమ్మ తివాచీని ఎండబెట్టి, ఎండిన వేపాకు వేసి చుట్టి దాచేది, ఏడాదికి రెండుసార్లు.

అమెరికాలో ఉన్న మా పిన్ని కూతురికి మాత్రం తివాచీయే కొనుక్కోమన్నాను. అక్కడ ఆకులు రాలే కాలానికే చెక్క నేల మంచుముక్క, ఆరేయడానికి డాబా లేదు, వారంవారం వాక్యూమ్ పెడతారు, పసుపు తగిలే తిండి టేబుల్ మీదే. జంపఖానా చెక్క మీద జారుతుంది కూడా. మన టైల్స్ మీదా జారుతుంది, కింద జారనివ్వని రబ్బరు జాలీ వేయాల్సిందే.

మిగతావి: తమిళనాడు భవానీ జమక్కాళం (అక్కడి జంపఖానా) రంగు చారలు బాగుంటాయి, ఈరోడ్ వైపు పోతే తెచ్చుకోండి. తుంగచాప ఎండాకాలానికి. మిషన్ మీద చేసిన ప్లాస్టిక్ దారం కార్పెట్ చవక, నాకు దాని గురించి రాయబుద్ధి కాదు.

మోసపోకుండా మాత్రం చూసుకోండి. జంపఖానా కుచ్చులు పడుగు కొసలే అయి ఉండాలి, విడిగా కుట్టినవైతే అనుమానించండి. తివాచీని వెనక్కి తిప్పితే ముడులూ డిజైనూ కనపడాలి. వెనక గుడ్డ అంటించి ఉంటే అది ముడులు వేసింది కాదు, గన్‌తో దారం గుచ్చి జిగురు పూసింది. ఓ పోగు లాగి కాల్చితే ఉన్ని వెంట్రుక కాలిన వాసన వేసి నలిగి బూడిదవుతుంది, ప్లాస్టిక్ కరిగి ఉండ కడుతుంది.

ఈసారి మేం కొన్నది కొత్తవాడ జంపఖానా, ఆరు తొమ్మిదడుగులది. నూలుని ముందే కట్టి రంగులద్ది నేసిన రకం, ఎరుపు మీద నలుపు, అంచులు కాస్త అలుక్కున్నట్టుంటాయి. నాలుగు ఆరు కొందామంటే ఐదుగురం పడుకుంటే కాళ్లు బయటికొచ్చేవి.

తివాచీ బీరువా మీద తెల్లగుడ్డలో చుట్టి ఉంది. నాన్న వచ్చినప్పుడు దింపుతాం. ఆయన దాని మీద కూర్చుని, ఓ మూల వెనక్కి తిప్పి ముడులు వేలితో తడుముతారు. ఎరుపు దిగిన చోటు చూసీ చూడనట్టు వదిలేస్తారు. టిఫిన్ ప్లేటు మాత్రం పట్టుకుని పక్కన జంపఖానా మీదకి జరుగుతారు, ఎవరూ చెప్పకుండానే.