కంట్రోల్ లైన్ విమానాలు: ఏళ్ల తరబడి ఎగరేసి చెప్తున్నా, డబ్బు తీగల మీద పెట్టండి

ముందే చెప్పేస్తున్నా, ఇది డ్రోన్ సమీక్ష కాదు. దీనికి రిమోట్ కూడా ఉండదు. బాల్సా చెక్కతో చేసిన విమానం, దానికి కట్టిన రెండు సన్నని ఉక్కు తీగలు, ఆ తీగల రెండో కొస మన చేతిలోని హ్యాండిల్‌కి. మధ్యలో నిలబడి విమానంతో పాటు మనమూ గుండ్రంగా తిరుగుతాం. "ఇంత డబ్బు పోసి చుట్టూ తిరగడమేంటండీ" అని మా ఆవిడ మొదటి రోజు అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ సరైన జవాబు దొరకలేదు గానీ, ముగ్గురం కలిసి ముందు కిట్లు కట్టి, తర్వాత సొంత డిజైన్లు గీసుకుని, వాటిలో సగం నేలలో పాతి, మిగతా సగం ఇంకా ఎగరేస్తూ ఉన్నాం కాబట్టి ఏది కొనొచ్చో, ఏది దండగో మాత్రం గట్టిగా చెప్పగలను.

ముగ్గురం అంటే నేను, కాలేజీ నాటి రూమ్మేట్, మా బావమరిది. ఉద్యోగాల కోసం ఒహాయో వచ్చి పడ్డవాళ్లం. నాకూ రూమ్మేట్‌కీ ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఉన్నప్పుడే ఈ పిచ్చి అంటుకుంది. అప్పట్లో ఈథర్, కిరోసిన్, ఆముదం కలిపిన ఇంధనంతో నడిచే చిట్టి డీజిల్ ఇంజన్లు ఉండేవి, ప్రొపెల్లర్‌ని కొట్టీ కొట్టీ చూపుడు వేలు వాచిపోయేది. ఇక్కడికొచ్చాక మైదానంలో ఒక రిటైరైన టూల్‌మేకర్ పరిచయమయ్యాడు. డెబ్భై దాటిన మనిషి, కుర్రాడిగా ఉన్నప్పటి నుంచీ ఇవే ఎగరేస్తున్నాడు. మేం "పెద్దాయనా" అనే పిలుస్తాం, ఆ పిలుపుకి పలకడం ఆయనకీ అలవాటైపోయింది.

ఇన్నేళ్ల వాడకంలో నాకు తేలింది ఒక్కటే. ఈ ఆటలో మనం అనుభవించేది విమానాన్ని కాదు, తీగల బిగువుని. హ్యాండిల్ పైభాగాన్ని మనవైపు వంచితే పై తీగ లాగుతుంది, రెక్క లోపల తీగలు కట్టి ఉన్న చిన్న మీట, అదే బెల్‌క్రాంక్, తిరుగుతుంది, దానికి తగిలించిన పుష్‌రాడ్ అనే కడ్డీ తోక మీది కదిలే పలకని, అంటే ఎలివేటర్‌ని, పైకెత్తుతుంది, ముక్కు లేస్తుంది. ఇదంతా తీగలు బిగుతుగా ఉన్నంతసేపే. అవి ఒక్క క్షణం వదులైతే చేతిలో హ్యాండిల్ ఉంటుంది గానీ విమానం మన మాట వినదు. మా విమానం లెక్కే చెప్తాను. బరువు 1.1 కిలోలు, తీగలు 60 అడుగులు, ఒక చుట్టుకి 5.3 సెకన్లు. అంటే గంటకి దాదాపు ఎనభై కిలోమీటర్ల వేగం, చేతి మీద సుమారు 3 కిలోల లాగుడు. ఆ లాగుడు నేలబారుగా ఎగిరేటప్పటిది. నెత్తి మీదకి వచ్చేసరికి విమానం తన బరువుతో మనవైపు పడాలని చూస్తుంది, బిగువు తగ్గిపోతుంది. మంచి విమానమో కాదో తేలేది అక్కడే.

అందుకే ముందుగా తీగలు, హ్యాండిల్. కొత్తవాళ్లు విమానం మీద, ఇంజను మీద బోలెడు ఖర్చు పెట్టి, హ్యాండిల్ దగ్గరికొచ్చేసరికి చౌకగా దొరికిన ప్లాస్టిక్‌ది పట్టుకొస్తారు. మా బావమరిది కొన్నది అలాంటిదే (కంపెనీ పేరెందుకులెండి), గట్టిగా తిప్పితే అదే వంగేది, మనం ఇచ్చిన ఆజ్ఞలో సగం ప్లాస్టిక్కే తినేసేది. ఇప్పుడు ముగ్గురివీ గట్టి హ్యాండిళ్లే, రెండు తీగల మధ్య ఎడం మార్చుకునే రకం. ఎడం పెంచితే విమానం చురుగ్గా తిరుగుతుంది, తగ్గిస్తే నెమ్మదిస్తుంది, కాబట్టి కొత్త విమానానికి మొదటి రోజు సర్దేది దాన్నే. మణికట్టుకి కట్టుకునే సేఫ్టీ తాడు తప్పనిసరి. చెయ్యి జారితే కిలో బరువున్న వస్తువు ఎనభై కిలోమీటర్ల వేగంతో ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

తీగల్లో మేం వాడేది 0.015 అంగుళాల మందం, సన్నని పోగులు పేనిన ఉక్కు తీగ. మిల్లీమీటర్లలో 0.38. ఎక్కడైనా మడత పడిందా, ఇంకేం ఆలోచించకుండా పారెయ్యండి, సరిచేద్దామని చూడకండి, తెగేది అక్కడే. వరసగా మూడు లూపులు (గాల్లో నిలువు చుట్లు) కొడితే రెండు తీగలూ ఒకదాని చుట్టూ ఒకటి మూడు మెలికలు పడతాయి, అయినా ఒకదాని మీద ఒకటి జారుతూనే ఉంటాయి, తలకిందుల లూపులు కొట్టగానే మెలికలు విప్పుకుంటాయి. జారాలంటే మాత్రం శుభ్రంగా ఉండాలి. ఇంజను పొగలోంచి వచ్చే ఆముదం తీగలకు అంటుకుని, దాని మీద గడ్డి దుమ్ము పేరుకుంటే హ్యాండిల్ బంక పట్టినట్టు కదులుతుంది. పెద్దాయన ప్రతి రెండు మూడు ఫ్లైట్లకీ స్పిరిట్‌లో తడిపిన గుడ్డ పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకి నడిచి వస్తాడు. మేం మొదట్లో చాదస్తం అనుకున్నాం, ఇప్పుడు మేమూ నడుస్తున్నాం.

ఇక విమానాలు. మొదటిది అందరిలాగే రింగ్‌మాస్టర్. స్టెర్లింగ్ కంపెనీ కోసం మ్యాట్ కానియా డిజైన్ చేసిన 42 అంగుళాల రెక్క విమానం, 1950ల నాటిది. పక్క నుంచి చూస్తే నిండుగా కనిపించే బాడీ, ముందు నుంచి చూస్తే ఒక పలక, అంతే. దీన్నే ప్రొఫైల్ అంటారు. ఫ్లాపులు లేవు, కట్టడం తేలిక, పడితే అతికించడం ఇంకా తేలిక. లూపు, వింగోవర్ (నిటారుగా లేచి నెత్తి మీదుగా అవతలి వైపు దిగడం), తలకిందులుగా ఎగరడం అన్నీ దీని మీదే నేర్చుకున్నాం. చతురస్రపు లూపుల మూలలు పదునుగా రావాలంటే మాత్రం ఇది చాలదు, అది దీని తప్పు కాదు, దాని కోసం పుట్టింది కాదు. ఎవరైనా ఇప్పుడు మొదలుపెడితే మొదటి విమానంగా నేను చెప్పేది ఇప్పటికీ ఇదే.

తర్వాత ఫ్లాపులున్న ప్రొఫైల్ కిట్లు కట్టాం. ఫ్లాపులంటే పెద్ద విమానాల్లో దిగేటప్పుడు వాడేవి కావు. ఇక్కడ ఎలివేటర్ పైకి లేస్తే రెక్క ఫ్లాపులు కిందికి వంగుతాయి, రెండూ ఒకే పుష్‌రాడ్ వరసలో కలిసి పనిచేస్తాయి, మలుపులో రెక్కకి అదనంగా లిఫ్ట్ దొరుకుతుంది. జార్జ్ ఆల్డ్రిచ్ గీసిన నోబ్లర్ ఈ పద్ధతికి పేరు తెచ్చిన విమానం, దాని పోలికలు నేటి పోటీ విమానాల్లోనూ కనిపిస్తాయి.

ఒక చలికాలం, బయట మంచు, బేస్‌మెంట్‌లో ముగ్గురం కూర్చుని మన డిజైన్ మనమే గీద్దాం అనుకున్నాం. పేరు గిజిగాడు. రెక్క 50 అంగుళాలు, వైశాల్యం 520 చదరపు అంగుళాలు, రెక్క మందం దాని వెడల్పులో 18 శాతం, తోక వైశాల్యం రెక్కలో నాలుగో వంతు. రూమ్మేట్ ఎక్సెల్‌లో లెక్కలు, నేను బాల్సా కోత, మా బావమరిది రంగులు. ఆ రంగుల దగ్గరే వచ్చింది తంటా. పసుపు మీద నలుపు గీతలు, దాని మీద క్లియర్ కోటు, దాని మీద ఇంకో క్లియర్ కోటు, అద్దంలా తయారైంది, తూకం వేస్తే 50 ఔన్సులు దాటింది. "రంగు బరువెంత ఉంటుంది బావా, మహా అయితే ఒక ఔన్సు" అన్నవాడే మర్నాడు మైదానంలో దాని మూలలు చూసి నోరు మూసుకున్నాడు. మలుపు తిప్పితే తిరుగుతుంది గానీ ఆగాల్సిన చోట ఆగకుండా కిందికి జారుతుంది. రెండో గిజిగాడికి చెక్క ముక్కల్ని ఒక్కొక్కటీ వంటింటి త్రాసులో తూచి ఎంచాం, రెక్క మీద సిల్క్‌స్పాన్ కాగితం బదులు మోనోకోట్ అనే ప్లాస్టిక్ పొర వేశాం, ఇంధనం లేకుండా 40 ఔన్సుల లోపే తేలింది. గీసిన గీతలు అవే, విమానం మాత్రం వేరే.

డిజైన్‌లో మాకు అన్నిటికంటే ఆసక్తి అనిపించింది బిగువు కోసం చేసే చిన్న చిన్న ఏర్పాట్లు. తీగల బరువు లోపలి రెక్క, అంటే మనవైపు ఉన్న రెక్క మీద పడుతుంది కాబట్టి బయటి రెక్క కొసన ఒక చిన్న డబ్బా పెట్టి అందులో సీసం వేస్తాం, ఔన్సు దగ్గర మొదలుపెట్టి తగ్గించుకుంటూ వస్తాం. ఎక్కువైతే గట్టి మలుపులో బయటి రెక్క కుంగుతుంది. తీగలు రెక్క కొస నుంచి బయటికొచ్చే చోటు, అదే లీడౌట్లు, బరువు కేంద్రానికి కాస్త వెనక ఉండాలి. మరీ వెనక్కి జరిపితే ముక్కు బయటికి తిరిగి విమానం పక్కవాటుగా ఈడ్చుకుంటూ పోతుంది, ముందుకి జరిపితే ముక్కు లోపలికొచ్చి తీగలు వదులవుతాయి. దీన్ని మార్చుకునేలా కట్టుకోండి, జిగురుతో శాశ్వతంగా బిగించెయ్యకండి. మాకైతే ఎనిమిదో వంతు అంగుళం జరిపినా తేడా చేతికి తెలిసింది.

ఇంకోటి, ఇది పెద్దాయన దగ్గర చూసింది. కొత్త విమానం ఎగురుతుంటే ఆయన ఎగరేసేవాడి వెనకే నిలబడి, వాడితో పాటు తిరుగుతూ రెక్కల్నే చూస్తాడు. మామూలుగా ఎగిరేటప్పుడు బయటి రెక్క పైకి, తలకిందులైనప్పుడు కిందికి కనిపిస్తే రెక్కలో మెలిక ఉన్నట్టు. రెండు పోజుల్లోనూ బయటి రెక్కే కిందికుంటే సీసం ఎక్కువైనట్టు. దింపాక ఏమీ మాట్లాడకుండా ఒక ఫ్లాపుని రెండు వేళ్లతో పట్టుకుని, హీట్ గన్ చూపించి, చూస్తే కనిపించనంత మెలి తిప్పుతాడు. మళ్లీ ఎగరేస్తే రెక్కలు సమంగా ఉంటాయి. మా రూమ్మేట్ ఎక్సెల్‌లో దీనికి కాలమ్ లేదు.

ఇంజన్ల విషయంలో మాలో మాకు పడదు. పెద్దాయనకి ఫాక్స్ 35 అంటే ప్రాణం. డ్యూక్ ఫాక్స్ 1940ల చివర్లో తెచ్చిన ఇంజను, దశాబ్దాల పాటు తయారైంది. నేలబారుగా నింపాదిగా గొణుగుతూ, ముక్కు పైకెత్తగానే గొంతు మార్చి బలం పెంచి, మళ్లీ నేలబారుకి రాగానే నెమ్మదిస్తుంది. వేగం దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి బిగువూ ఒకేలా ఉంటుంది. దానికి ఆముదం దండిగా పడాలి, ఇంధనంలో పాతిక శాతానికి పైగా నూనె ఉండాలి, మామూలు దుకాణాల్లో దొరికే ఇంధనం పోస్తే త్వరగా అరిగిపోతుంది. నేను ఎక్కువగా వాడింది ఓఎస్ 25 ఎల్ఏ, దానికి 9 అంగుళాల ప్రొపెల్లర్. ఇంధనం పాళ్లు సర్దే నీడిల్ స్క్రూ ఒకసారి కుదిరితే ఆ రోజంతా ముట్టుకోనక్కర్లేదు. సెకండ్‌హ్యాండ్‌లో మంచిది దొరికితే వదలకండి. ఇంటికొచ్చాక చొక్కా అంతా కాలిన ఆముదం కంపు, అది ఏ సబ్బుకీ పోదు, ఆ చొక్కాకి మా ఇంట్లో వేరే కొక్కెం ఉంది.

బావమరిది ఎలక్ట్రిక్‌కి మారిపోయాడు. నాలుగు సెల్స్ లైపో బ్యాటరీ, బ్రష్‌లెస్ మోటర్, ఐదున్నర నిమిషాలకి ఆగిపోయేలా టైమర్. గవర్నర్ ఉన్న స్పీడ్ కంట్రోలర్ పెడితే మోటర్ ఆర్పీఎం మారదు, నీడిల్ గోల లేదు, పక్కింటివాళ్ల గోల లేదు. ఇంకో లాభం ఉంది. మోటర్‌ని అటు తిప్పి ఎడమ చేతి ప్రొపెల్లర్ వేసుకోవచ్చు. మామూలు ప్రొపెల్లర్‌తో తలకిందుల మలుపు గట్టిగా తిప్పినప్పుడు తిరిగే ప్రొపెల్లర్ గైరో ప్రభావంతో (బొంగరంలా పక్కకి తోసే గుణంతో) ముక్కు లోపలికి, అంటే మనవైపుకి తిరగాలని చూస్తుంది. ప్రొపెల్లర్ తిరిగే వైపు మారిస్తే అదే బయటికి తిరుగుతుంది, తీగ బిగుసుకుంటుంది. నేను ఒప్పుకోవడానికి ఇష్టపడను గానీ నెత్తి మీద ఎనిమిది అంకె ఆకారం కొట్టేటప్పుడు వాడి విమానం లాగినంత గట్టిగా నాది లాగదు. బ్యాటరీ ఒక్కటే బెడద. వాడు కొన్న ఒక బ్రాండువి ఒకే వేసవిలో ఉబ్బిపోయాయి.

గాలి సంగతి. మలుపులన్నీ గాలి మన వీపుకి తగిలే వైపు కొట్టాలి, అప్పుడు గాలే విమానాన్ని బయటికి తోసి తీగలు బిగిస్తుంది. ఎదురు గాలి వైపు పైకెత్తారో, విమానం మీ మీదకే వస్తుంది. గాలి అస్సలు లేకపోతే బావుంటుందనుకుంటారు, అదీ కాదు. మూడో లూపులో విమానం తను రేపిన సుడిలోకే దూరి కుదుపులు తింటుంది. కొద్దిగా గాలి ఉన్న సాయంత్రమే మాకు ఇష్టం. కళ్లు తిరగడం గురించి అందరూ అడుగుతారు. విమానాన్నే చూస్తూ ఉంటే మొదటి కొన్ని రోజుల తర్వాత తిరగవు, వెనకున్న చెట్లని చూస్తే ఇప్పటికీ తిరుగుతాయి. కరెంటు తీగల దగ్గర మాత్రం ఎంత ఖాళీ స్థలం దొరికినా ఎగరెయ్యొద్దు, చేతిలో ఉన్నది ఉక్కు తీగ.

ఈ ఆటకి పెద్ద పేరు తెచ్చినవాడు పోర్ట్‌లాండ్‌కి చెందిన జిమ్ వాకర్. యూ-కంట్రోల్ అని పేరు పెట్టి, ఫైర్‌బాల్ అనే విమానం అమ్మాడు. రెండు చేతులతో రెండు, తలకి కట్టుకుని ఒకటి, ఒకేసారి మూడు విమానాలు ఎగరేసేవాడు. ఆయన పేటెంట్ మాత్రం 1955లో కోర్టులో నిలవలేదు, ఓబా సెయింట్ క్లెయిర్ అనే ఆయన అంతకు ముందే ఇలా ఎగరేశాడని తేలింది. జూలైలో ఇండియానాలోని మన్సీలో జరిగే నేషనల్స్‌లో, అంటే జాతీయ పోటీల్లో, ఇప్పటికీ స్టంట్ (విన్యాసాల) విజేతకి ఇచ్చేది వాకర్ కప్పే. మేం చూడ్డానికి వెళ్తుంటాం, పాల్గొనే ధైర్యం రూమ్మేట్‌కి ఒక్కడికే ఉంది.

అసలు ఇబ్బంది నాకు ఒకటే మిగిలింది, అది ఏ కిట్ పెట్టె మీదా రాయరు. గిజిగాడి రెక్క విడదియ్యడానికి రాదు, 50 అంగుళాలూ ఒకటే ముక్క. కిందటిసారి కారు కొనేటప్పుడు షోరూంలో టేపు తీసి వెనక సీట్లు మడిచి మూలకి మూల కొలుస్తుంటే, సేల్స్‌మన్ వచ్చి పిల్లల సీటు కోసమా అని అడిగాడు. మా ఆవిడే చెప్పింది, కాదండీ, ఆయనది అని.