ఎనిమిదేళ్ల కాటా, భూతద్దం: 1804 సెంటును పరీక్షించడంలో నా అనుభవం

తొలినాటి అమెరికా రాగి సెంట్లను పరీక్షించడానికి నేను ఎనిమిదేళ్లుగా మూడు సాధనాలను వాడుతున్నాను. అవి గ్రాములో నూరో వంతు వరకు చూపే చిన్న డిజిటల్ కాటా, పది రెట్లు పెంచి చూపే భూతద్దం, కంప్యూటరుకు తగిలించుకునే మైక్రోస్కోపు. కొన్న కొత్తలో కాటా మీదే నాకు నమ్మకం ఎక్కువగా ఉండేది. ఇప్పుడు ఆ నమ్మకం చాలావరకు భూతద్దం మీదికి మళ్లింది. మైక్రోస్కోపు మాత్రం సొరుగులోనే ఉంటోంది. దాని తీక్షణమైన వెలుగులో నునుపైన రాగి కూడా గుంటలు పడినట్టు కనిపించి, మంచి నాణేన్ని సైతం అనుమానించేలా చేస్తుంది.

ముందుగా కాటా సంగతి. 1795 చివరలో బరువు తగ్గించిన తరువాత సెంటుకు నిర్ణయించిన తూకం 168 గ్రెయిన్లు, అంటే దాదాపు 10.89 గ్రాములు. అరిగిన నాణెం దీనికంటే కొంత తక్కువ తూగడం సహజమే కాని, ఎక్కువ తూగితే ఆగి ఆలోచించవలసిందే. తూచే ముందు ప్రతిసారీ సరిగ్గా 5 గ్రాములుండే కొత్త అమెరికన్ నికెల్ (అయిదు సెంట్ల) నాణేన్ని పెట్టి చూసుకుంటాను. ఇన్నేళ్లలో కాటా గ్రాములో రెండు మూడు నూరో వంతులకు మించి తేడా చూపలేదు. అయితే ఏసీ గాలి తగిలితే అంకెలు నిలవవు.

ఇదే కాటాతో సాంద్రత కూడా తెలుసుకోవచ్చు. చిన్న గ్లాసులో శుద్ధజలం పోసి, కాటా మీద పెట్టి, అంకెను సున్నాకు తెచ్చి, నాణేన్ని సన్నని దారంతో అడుగు తగలకుండా పూర్తిగా ముంచితే, అప్పుడు కనిపించే గ్రాములే దాని ఘనపరిమాణం. 10.62 గ్రాముల సెంటు నీటిలో 1.19 చూపిందనుకుంటే సాంద్రత 8.92 వస్తుంది, రాగికి అది సరిపోతుంది. రాగి పెంకుల మధ్య సీసం లాంటిది నింపి అతికించిన నకిలీలు చాలావరకు ఇక్కడే దొరికిపోతాయి. నాణేనికి గాలి బుడగ అంటుకుంటే లెక్క తప్పుతుంది కనుక, నీటిలో ఒక్క చుక్క ద్రవ సబ్బు కలపడం మంచిది. పరీక్ష ముగిసిన వెంటనే నాణేన్ని రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టాలి.

ఇంతవరకు కాటా గొప్పదే. దాని పరిమితి నాకు తెలిసింది ఒక 1804 సెంటును కొనబోయినప్పుడు. తూకం సరిపోయింది, సాంద్రత సరిపోయింది, రంగు కూడా ముచ్చటగా ఉంది. సరిపోక ఏం చేస్తుంది, అది నిజంగానే ఆ కాలపు సెంటు! 1804 సెంటు అరుదు కనుక, 1801, 1803 వంటి ఏళ్ల నాణేల చివరి అంకెను చెక్కి 4గా మార్చి అమ్మడం పాత విద్య. లోహం అసలుదే, అబద్ధమల్లా ఆ ఒక్క అంకెలోనే ఉంది కనుక, తూకం ఆ మోసాన్ని పట్టుకోలేదు.

పట్టుకున్నది భూతద్దం. 1804 సెంట్లన్నీ ఒకే అచ్చుల జతతో ముద్రించినవి. తొలినాటి సెంట్లను అచ్చుల జతలను బట్టి విడదీసే షెల్డన్ వర్గీకరణలో అది 266వ రకం. అసలు నాణెంలో బొమ్మ వైపు సంవత్సరంలోని సున్నాకు సరిగ్గా వెనుక, బొరుసు వైపు ‘ఆఫ్’ అనే మాటలోని మొదటి అక్షరం ఉంటుంది. నా చేతిలోని నాణెంలో ఆ రెండూ ఎదురుబొదురుగా లేవు. ఆ తరువాత 4 చుట్టూ చూస్తే, నాణెం మీది మిగిలిన చదును భాగంలో లేని ఒక చిన్న పల్లం, కాస్త వేరైన రంగు కనిపించాయి. అసలు 4లో అడ్డగీత చివర చిన్న నిలువు కొస ఉంటుంది. ఈ అచ్చులు వాడుకలో పగిలాయి కాబట్టి, తరువాతి దశలో ముద్రించిన నాణేలకు బొమ్మ వైపు ‘లిబర్టీ’ చివరి అక్షరాల పైన, ఇంకా తరువాతి వాటికి బొరుసు వైపు ‘అమెరికా’ అక్షరాల పైన కూడా అంచును కలుపుతూ ఉబ్బెత్తు ముద్ద ఉంటుంది. 1860 ప్రాంతంలో టంకశాల పారవేసిన అచ్చులతో ప్రైవేటుగా కొట్టిన 1804 సెంట్లు కూడా ఉన్నాయి. అందులో బొమ్మ వైపు మార్చిన 1803 అచ్చు, బొరుసు వైపు 1820 నాటి అచ్చు వాడారు. అచ్చులకు పట్టిన తుప్పు గరుకుదనంగా ఆ నాణేల మీదికి వచ్చింది.

భూతద్దానికి కూడా లొంగనివి ఈ మధ్య ఎక్కువయ్యాయి. అసలు నాణేన్ని నమూనాగా తీసుకుని కొత్త అచ్చు చేసి కొట్టినవాటిలో, ఆ నమూనా మీది గీతలు, నొక్కులు కూడా యథాతథంగా దిగుతాయి. ఒక నాణేన్ని ఎంతసేపు చూసినా అవి సహజంగానే తోస్తాయి. అదే గీత, అదే చోట, రెండో నాణెం మీద కూడా కనబడినప్పుడే గుట్టు బయటపడుతుంది. అందువల్ల నేను చూసిన ప్రతి అరుదైన సెంటు ఫోటోలను దాచుకుంటున్నాను. ఈ పనికి మైక్రోస్కోపు కంటే మామూలు కెమెరాయే మేలు. ఖరీదు వెయ్యి డాలర్లు దాటితే, నా సాధనాలు ఏమి చెప్పినా, నాణేన్ని ధ్రువీకరణ సంస్థకు పంపిన తరువాతే డబ్బు చెల్లిస్తాను.