అఫేసియా, డిసార్థ్రియా: రెంటికీ తేడా

తలకు దెబ్బ తగిలిన మనిషితో బెంగళూరులోని మెదడు, నరాల ఆసుపత్రి నిమ్హాన్స్‌కు వచ్చే అనంతపురం, చిత్తూరు కుటుంబాలు అఫేసియా, డిసార్థ్రియా రెంటినీ "మాట పడిపోయింది" అనే అంటాయి. డిశ్చార్జి కాగితంలో ఏ పేరుందో చూడండి, ఎందుకంటే చేయాల్సిన పని మారిపోతుంది.

డిసార్థ్రియాలో భాష చెక్కుచెదరదు. పెదవులు, నాలుక, గొంతు కండరాలు పట్టు తప్పి మాట ముద్దగా వస్తుంది. నెమ్మదిగా, ఊపిరి తీసుకుంటూ, చిన్న వాక్యాలతో మాట్లాడించాలి. మింగడమూ కష్టం కావచ్చు. నీళ్లు పొలమారుతుంటే తాగించడం ఆపి డాక్టరుకు చెప్పండి.

అఫేసియాలో దెబ్బతినేది భాషే. చాలామందికి భాషను నడిపేది మెదడు ఎడమ భాగం. బ్రోకా రకంలో ఎదుటివారి మాట చాలావరకు అర్థమవుతుంది, తన మాట రెండు ముక్కల దగ్గర ఆగిపోతుంది. వెర్నికే రకంలో మాట ధారగా వస్తుంది, అర్థం కుదరదు. చదవడం, రాయడం కూడా దెబ్బతింటాయి. మతి పోయిందనుకోకండి, పాపం, చెవుడు అనుకుని అరవకండి.

చదువుకున్న మనిషైతే కాగితం, కలం ఇవ్వండి. "నీళ్లు కావాలి" అని సరిగ్గా రాస్తే డిసార్థ్రియా అనుకోవచ్చు. కుడి చెయ్యి పడిపోతే అక్షరాల పట్టిక మీద వేలు పెట్టించండి. రెండూ కలిసి ఉండొచ్చు కాబట్టి తేల్చాల్సింది స్పీచ్ థెరపిస్టే.

అఫేసియాకు సాధన ఇంటి భాషలో జరగాలి. థెరపిస్టుకు కన్నడమే వస్తే అన్నం, మాత్ర, బాత్రూం బొమ్మలపై తెలుగు పేర్లు రాసి తీసుకెళ్లండి. ఒక్కో ప్రశ్నే అడిగి, జవాబు అందించకుండా ఆగండి.