ఏడు రోజుల గడువుతో ఐదేళ్ల కాపురం: చీరలు అమ్మేవాళ్ల వైపు నుంచి ఒక రివ్యూ

చీర కొన్నవాళ్లు చీర మీద రివ్యూ రాస్తారు. నేను రాస్తున్నది దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే "7 రోజుల్లో వాపసు" అనే ఒక్క లైను మీద. అనంతపురం పాతూరులో మా మామగారిది చిన్న చీరల కొట్టు. 2020 లాక్‌డౌన్‌లో షట్టర్ దించాక, ఊరికే కూర్చోలేక నేను ఫోన్లో అమ్మడం మొదలుపెట్టాను. ఇప్పటికి ఐదేళ్లు దాటింది, రెండు యాప్‌లలో అమ్మాను. వాటి పేర్లు రాయను. ఈ ఒక్క విషయంలో దొందూ దొందే.

మొదట్లో నాకు అర్థం కానిది ఏంటంటే, ఆ ఏడు రోజులు చీర తిరిగి రావడానికి కాదు, రిటర్న్ బటన్ నొక్కడానికి. ఏడో రోజు రాత్రి పదకొండుకు నొక్కినా చెల్లుతుంది. ఆ తర్వాత రెండు మూడు రోజులకు పికప్, అక్కడి గోడౌన్‌లో ఒక మజిలీ, బెంగళూరులో ఒక మజిలీ, అప్పుడు మా ఊరు. గువాహటి పోయిన ఒక చీర, పంపిన ముప్పై నాలుగో రోజుకు మా గడప తొక్కింది. అన్ని రోజులూ ఆ చీర నాది కాదు, అమ్ముడుపోయిందీ కాదు. స్టాకులో చూపించలేను, డబ్బులూ రావు.

నాకిచ్చిన గడువు మాత్రం వేరే. తప్పుడు చీర వచ్చినా, చిరిగిన చీర వచ్చినా, పార్శిల్ అందినట్టు స్కాన్ అయిన రెండు రోజుల్లో క్లెయిమ్ పెట్టాలి. ఆ స్కాన్ చేసేది నేను కాదు, కొరియర్ పిల్లవాడు. "అక్కా, మూడు రిటర్న్‌లుండాయి, ఓటీపీ చెప్పక్కా, ఇంకా కమలానగర్ పోవల్ల" అని బండి మీద నుంచి దిగకుండానే అడుగుతాడు. పాపం వాడి తొందర వాడిది. విప్పి చూసి చెప్తానంటే వాడికి పది డెలివరీలు ఆగిపోతాయి. ఓటీపీ చెప్పిన క్షణం నుంచి నా గడియారం మొదలు. ఒకసారి తాడిపత్రిలో పెళ్లికి పోయి మూడు రోజులు ఉండిపోయాం. ఇంట్లో మామగారు ఓటీపీ చెప్పి, సంచి తీసి జాగ్రత్తగా బీరువా మీద పెట్టారు. నేను వచ్చి విప్పేసరికి లోపల మా చీర లేదు, ఎవరిదో పాత నైలాన్ చీర ఉంది. గడువు అయిపోయిందని క్లెయిమ్ బటనే కనిపించలేదు. ఆయన ఇప్పటికీ ఆ మాట ఎత్తితే మొహం పక్కకు తిప్పుకుంటారు. తప్పు ఆయనది కాదని ఎన్నిసార్లు చెప్పినా అంతే.

శ్రావణం గురించి వేరేగా చెప్పాలి. వరలక్ష్మీ వ్రతం శుక్రవారం. చీర మంగళవారం అందుతుంది. శుక్రవారం కడతారు, సోమవారం రిటర్న్ పెడతారు. వేళ్ల మీద లెక్కపెట్టండి, ఇంకా ఒక రోజు మిగులుతుంది. అందరూ ఇలా చేస్తారని కాదు. వందలో తొంభై మందికి పైగా చక్కగా ఉంచుకునేవాళ్లే. కానీ ఆ మిగిలినవాళ్లు అంతా ఒకే వారంలో వస్తారు. వినాయకుడి పందిళ్లు వేసేనాటికి మా వరండాలో రిటర్న్ సంచులు మోకాలెత్తు ఉంటాయి.

2023 శ్రావణంలో వచ్చిన ఒకటి బాగా గుర్తుంది. వంకాయ రంగు చీర, ఆకుపచ్చ అంచు, 1,850 రూపాయలు. సంచి తెరవగానే మల్లెపూల వాసన. మడత బానే పెట్టారు. కొంగు దగ్గర చిటికెడు కుంకుమ, చేత్తో తుడిస్తే ఇంకా పాకింది. చీర పూర్తిగా విప్పితే లోపల ఫాల్ కుట్టి, పీకో చేసి ఉంది. చివర బ్లౌజు పీసు లేదు, కత్తిరించేశారు! కారణం దగ్గర ఏం రాశారో తెలుసా? "సైజు సరిపోలేదు." ఐదున్నర మీటర్ల చీరకు సైజు ఏంటి తల్లీ?

విప్పేటప్పుడు వీడియో తీశాను. క్లెయిమ్ పెట్టాను. తిరస్కరించారు, వీడియోలో సంచి మీద లేబుల్ నంబరు స్పష్టంగా కనబడలేదట. అప్పటి నుంచి కిటికీ పక్కన బల్ల మీద ఫోన్ స్టాండు ఒకటి శాశ్వతంగా ఉంటుంది. ముందు లేబుల్ కెమెరాకు చూపించి, నంబరు పైకి చదివి, ఆ తర్వాతే కత్తెర పెడతాను. మధ్యలో వీడియో ఆపకూడదు. పాలు పొంగినా సరే. ఇలా తీశాక క్లెయిములు చాలావరకు పాసవుతున్నాయి, అది కూడా చెప్పాలి. ఆ వంకాయ రంగు చీర చివరికి నేనే కట్టుకున్నాను. ఫాల్ కుట్టించే ఖర్చు తప్పింది.

డబ్బుల సంగతికి వద్దాం. రిటర్న్ అయిన చీర డబ్బు వెనక్కి పోవడం న్యాయమే. దాంతో పాటు రాను ఖర్చు కూడా మా మీదే వేస్తారు. నా పుస్తకంలో ఒక్కో రిటర్న్‌కు నూట అరవై రూపాయల దాకా పోయింది. అది విడిగా అడగరు, తర్వాతి సెటిల్‌మెంట్‌లో కోసుకుంటారు. శ్రావణంలో బాగా అమ్మామని సంతోషపడితే, భాద్రపదంలో ఖాతా మైనస్‌లోకి పోతుంది. ఆ నెల చీరలిచ్చిన వాళ్లకు మాత్రం మైనస్ అని చెప్పలేం కదా. ఇంక జీఎస్టీ. యాప్ మా అమ్మకం మీద టీసీఎస్ (మాకిచ్చే డబ్బులోంచి ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) కోస్తుంది, 2018 అక్టోబరు నుంచి 1 శాతం ఉండేది, 2024 జులై 10 నుంచి 0.5 శాతం చేశారు. అది రిటర్న్‌లు తీసేసిన నికర అమ్మకం మీదే కాబట్టి పెద్ద బాధ లేదు. అసలు తలనొప్పి మార్చిలో అమ్మి, లెక్కల ఏడాది మారాక ఏప్రిల్‌లో తిరిగొచ్చే చీరలతో. వాటికి క్రెడిట్ నోట్ (ఆ అమ్మకం వెనక్కి పోయిందని చూపే కాగితం) రాసి నవంబరు 30 లోపు చూపించాలి, లేకపోతే కట్టిన పన్ను పోయినట్టే. మొదటి ఏడాది నాకు తెలియక కొంత పోయింది. ఇప్పుడు మార్చి అమ్మకాలకు ఎర్ర అట్ట పుస్తకం వేరే పెట్టాను.

ఇంతవరకు చదివి, అన్ని తప్పులూ కొన్నవాళ్లవే అన్నట్టు రాసిందనుకుంటారేమో. కాదు. మొదటి రెండేళ్లు నా రిటర్న్‌లలో సగం నా ఫోటోల వల్ల వచ్చినవే. ధర్మవరం చీరల అందమే డబుల్ షేడ్. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. ఎండలో ఒకలా, ట్యూబ్‌లైట్ కింద ఇంకోలా, నడుస్తుంటే మరోలా మెరుస్తుంది. నేను రాత్రి పిల్లలు పడుకున్నాక ట్యూబ్‌లైట్ కింద ఫోటో తీసి పెట్టేదాన్ని. కొన్నావిడ పొద్దున వాకిట్లో విప్పి చూస్తే వేరే చీరే. "రంగు వేరు" అని రిటర్న్ పెడితే ఆవిడ తప్పేముంది? ఇప్పుడు మేడ మీద ఎండలో ఒకటి, లోపల లైటు కింద ఒకటి, చీర ఊపుతూ చిన్న వీడియో, మూడూ పెడతాను. రంగు రిటర్న్‌లు బాగా తగ్గాయి.

మా మామగారి బిల్లు పుస్తకం మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చు వేసి ఉండేది. చట్టం దీన్ని ఒప్పదని నేను వచ్చాకే ఆయనకు చెప్పాను. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, ఏమీ రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోను అనడం అనుచిత వ్యాపార పద్ధతే. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు ఇంకా స్పష్టం: లోపమున్నా, చెప్పినట్టు లేకపోయినా, చెప్పిన తేదీకి అందకపోయినా అమ్మినవాళ్లు కాదనకూడదు. అందుకని ఎవరైనా "రిటర్న్ తీసేస్తే పోలా" అంటే నేను ఒప్పుకోను. ఒకసారి కొన్ని చీరలకు వాపసు లేదని పెట్టి చూశాను కూడా. నెల రోజులు ఆర్డర్లు సగానికి పడిపోయాయి. ముఖం తెలియని మనిషి దగ్గర చీర కొనాలంటే ఆ ఏడు రోజుల ధైర్యం వాళ్లకు కావాలి. తమాషా ఏంటంటే, బిల్లు మీద అచ్చు వేసిన మామగారే తెలిసిన ఇంటివాళ్లు వస్తే "పండగ కానీమ్మా, తర్వాత తెచ్చి మార్చుకో" అనేవారు. ఆయన గడువు మనిషిని బట్టి ఉండేది.

మార్కులు వేయమంటే కొనేవాళ్ల వైపు నుంచి ఐదుకు నాలుగు, నా వైపు నుంచి రెండు. గడువు ఏడు రోజులే ఉండనీ, నాకు అభ్యంతరం లేదు. చీర నాకు చేరడానికి కూడా ఒక తేదీ పెట్టాలి, దాటితే నష్టం దారిలో ఆపినవాళ్లు భరించాలి. నాకిచ్చే రెండు రోజులు స్కాన్ నుంచి కాకుండా సంచి విప్పిన దగ్గర్నుంచి లెక్కపెట్టమంటే దొంగ లెక్కలు వస్తాయి, అది నాకూ తెలుసు. కనీసం ఐదు రోజులు ఇవ్వొచ్చు.

ఈ గడువు వల్ల నా వ్యాపారంలో వచ్చిన అసలు మార్పు వేరే ఉంది. నిజమైన మగ్గం పట్టు యాప్‌లో పెట్టడం మానేశాను. ధర్మవరంలో నాకు చీరలిచ్చే పెద్దాయన ఒక్కో చీరకు ఎన్నాళ్లు కూర్చుంటాడో చూశాను. తొమ్మిది వేల చీర నెల రోజులు లారీల్లో తిరిగి, కుంకుమ మరకతో వస్తే నేను ఆయనకేం చెప్పాలి? ఒకసారి వచ్చింది కూడా. ఆయన అంచు వేలితో రుద్ది చూసి, "కట్టినారు పాపా, పోన్లే" అన్నాడు. డబ్బు తగ్గించమని నేను అడగలేదు, ఆయనా ఆ మాట ఎత్తలేదు. అప్పటి నుంచి పట్టు చీరలు వాట్సాప్ వీడియో కాల్‌లోనే. విప్పి చూపిస్తాను, వాకిట్లోకి తెచ్చి ఎండలో తిప్పి చూపిస్తాను, కొంగులా వేసి చూపిస్తాను. అమ్మేవి తక్కువే. ఈ ఏడాది తిరిగొచ్చింది మాత్రం ఒక్కటే, అది కూడా జరీ పోగు లేచి ఉంటే నేనే పంపమన్నాను.

యాప్‌లో ఇప్పుడు వెయ్యి, పన్నెండు వందల లోపు చీరలు మాత్రమే. ఒకటి రెండు పోయినా తట్టుకునేవి. వాటి ధరలో రిటర్న్ ఖర్చు ముందే కలిపేశాను, యాభై రూపాయల దాకా. చీర ఉంచుకునే తొంభై మంది ఆ పదిమంది కోసం కడుతున్నారు. ఇది రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏ యాప్ మంచిదని అడుగుతుంటారు. ముందు ఇంట్లో పగలు ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారా, వాళ్లకు వీడియో తీయడం వచ్చా అని నేను ఎదురు అడుగుతాను. మా మామగారికి ఇప్పుడు వచ్చు. లేబుల్ నంబరు నాకంటే గట్టిగా చదువుతారు.