పెట్ట వీపుకి తొడిగే కవరు: గుడ్డ బాగుంది, కొలతే తప్పు

ఆన్‌లైన్‌లో ‘హెన్ శాడిల్’ అని అమ్ముతున్నారు. రెండు కవర్ల ప్యాకెట్ 420 రూపాయలు. పుంజు తొక్కేటప్పుడు పెట్ట వీపు చీరుకుపోకుండా తొడిగే గుడ్డ. మా ఇంట్లో పెట్టలు ఐదు, పుంజు ఒకటి. పుంజు డేగ, అంటే ఎర్ర ఈకలది, రెండేళ్లు దాటింది. ఐదున్నా దాని కన్నెప్పుడూ మా నల్లపెట్ట మీదే. పాపం దాని వీపు బోడైపోయి, పక్కన గోరు దిగి రక్తం కారుతుంటే చూడలేక ఆర్డర్ పెట్టాను.

ఇరవై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను కాబట్టి గుడ్డ గురించి నా మాట నమ్మొచ్చు. పైన కాన్వాస్, లోపల మెత్తటి కాటన్. గోరు దిగదు. మూడు నెలలుగా ఉతుకుతున్నా చిరగలేదు, రంగు పోలేదు. అక్కడిదాకా వంక పెట్టను.

కొలతలు తీసినవాళ్లు మాత్రం నాటుకోడిని ఎప్పుడూ చంకలో పెట్టుకుని ఉండరు. పొడవు 8 అంగుళాలు. మా పెట్ట కిలోన్నర తూగితే గొప్ప! కవరు తోక మీదకి జారి, రెట్టంతా దానికే అంటుకుంది. రెక్కల చుట్టూ తగిలించే ఎలాస్టిక్ మరీ సన్నం. నాలుగో రోజుకి రెక్క మొదట్లో ఒరుసుకుని ఎర్రగా కమిలింది. ఎలాస్టిక్ పీకేసి పాత నైటీ గుడ్డతో వెడల్పు పట్టీలు వేశాను, వీపు దగ్గర రెండు డాట్లు పట్టాను. అప్పుడు కుదిరింది. అందుకే 5కి 3 స్టార్లు. ఆ మూడూ గుడ్డకే.

తొడిగిన మొదటిరోజు నల్లపెట్ట వెనక్కి వెనక్కి నడిచింది. దానికేమైనా మందు పెట్టావా అన్నారు మా మామయ్యగారు. మర్నాటికి సర్దుకుంది. మీరు తొడిగితే రాత్రి గూట్లోకి చేరాక తొడగండి, గోల చెయ్యదు. రెండు మూడు రోజులకోసారి విప్పి కింద పేలు చేరాయేమో చూడాలి. వానలో తడిస్తే వెంటనే తీసెయ్యాలి. ఈ ముక్కలేవీ ప్యాకెట్ మీద లేవు. ‘రెండు వారాల్లో కొత్త ఈకలు’ అని మాత్రం పెద్దక్షరాల్లో వేశారు. వేరుతో ఊడిన ఈకలు కొన్ని వారాల్లో వచ్చాయి, నిజమే. మధ్యలో విరిగి మోడులా మిగిలినవి అలాగే ఉన్నాయి. కోడి ఈకలు మార్చే కాలం వచ్చి ఆ మోళ్లు రాలితేగాని అక్కడ కొత్తవి రావు.

అసలు, కవరు వేసినంత మాత్రాన పుంజు మారుతుందా? మెడ వెనక ఈకలు ముక్కుతో పట్టుకుని పీకుతూనే ఉంది. పశువుల ఆసుపత్రిలో అడిగితే ఒక పుంజుకి ఎనిమిది, పది పెట్టలుండాలన్నారు. గుడ్ల కోసం పెంచే గ్రామప్రియ రకం పెట్టపిల్లల్ని నాలుగు తెచ్చి, గుడ్డుకొచ్చేదాకా వేరే గదిలో పెట్టాను. రాత్రిపూట డేగని తువ్వాలులో చుట్టి కాలిముళ్ల మొనలు ఆకురాయితో అరగదీశాను. మొనలే సుమా, లోపలికి పోతే రక్తం ఉంటుంది. ఎండ వాలాక దాని ఆగడం ఎక్కువ, అందుకని మూడింటి నుంచి చీకటి పడేదాకా గంప కింద కమ్మేస్తున్నాను.

గంప కింద పెడితే గుడ్లు పొదక్కి పనికిరావని మా అత్తయ్య ఒకటే టెన్షన్. ఒకసారి పుంజు కలిస్తే వారం పది రోజులపాటు పెట్టే గుడ్లు పిల్లలవుతాయని చెబితే నమ్మలేదు. పదకొండు గుడ్లు పొదగేస్తే తొమ్మిది పిల్లలయ్యాయి. ఇక మాట్లాడలేదు.

సంక్రాంతికి ఆ పుంజుని కోసుకు తినక ఈ తిప్పలెందుకంటారు కొందరు. గద్ద నీడ పడితే మా పెరట్లో మొదట అరిచేది అదే. నూక గింజ దొరికినా పెట్టల్ని పిలిచాకే తింటుంది. దాన్నెలా కోస్తాను?

రెండో కవరు ఎవరికీ తొడగలేదు, నమూనాకి ఉంచాను. పాత జీన్స్ ప్యాంటుతో నల్లపెట్టకి 5 అంగుళాలది ఇంకోటి కుట్టాను. పక్కింటావిడ తన పెట్టకీ ఒకటి కుట్టమంది. జాకెట్ కూలి అడగాలా, లైనింగ్ జాకెట్ కూలి అడగాలా అని చూస్తున్నాను.