ఉబుంటు ప్రపోజ్డ్ రివ్యూ: సవరణ అందరికీ చేరకముందే చూసుకోవాలంటే

ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ స్టేబుల్ వెర్షన్‌లో మామూలు బగ్‌కు సవరణ తయారైతే అది నేరుగా మన సిస్టమ్‌లకు రాదు. ముందు 'ప్రపోజ్డ్' అనే రిపోజిటరీలో (ప్యాకేజీలు ఉంచే సర్వర్ గిడ్డంగిలో) పెడతారు. అక్కడ కనీసం 7 రోజులు ఉండాలి. ఈలోగా ఎవరైనా పరీక్షించి, ఫలితం ఉబుంటు బగ్‌లు నమోదయ్యే వెబ్‌సైట్ అయిన లాంచ్‌ప్యాడ్‌లో రాయాలి. పైసా ఖర్చులేని ఈ ఏర్పాటు విజయనగరం, శ్రీకాకుళం కాలేజీ ల్యాబులకూ డీటీపీ సెంటర్లకూ బాగా పనికొస్తుంది. కాకపోతే పక్కన ఒక స్పేర్ సిస్టమ్ ఉండాలి. రోజూ బిల్లులు కొట్టే సిస్టమ్ మీద దీన్ని పెట్టకండి.

ఉబుంటు 24.04లో (దీని మారుపేరు నోబుల్) అయితే రిపోజిటరీల జాబితా ఉండే ఉబుంటు డాట్ సోర్సెస్ ఫైల్ తెరిచి, మొదటి భాగంలోని సూట్స్ వరుస చివర నోబుల్-ప్రపోజ్డ్ చేర్చాలి. ప్యాకేజీలు ఎక్కించే ఆప్ట్ కమాండ్‌తో అప్‌డేట్ అయ్యాక, కావలసిన ఆ ఒక్క ప్యాకేజీనే ఏ రిపోజిటరీ నుంచి తేవాలో చెప్పే 'మైనస్ టీ' ఆప్షన్‌తో ఎక్కించాలి. 22.04లో (మారుపేరు జామీ) జాగ్రత్త. మామూలు అప్‌గ్రేడ్ కొడితే పరీక్ష పూర్తికాని ప్యాకేజీలన్నీ దిగిపోతాయి. ఆప్ట్ ప్రిఫరెన్సెస్ ఫైల్‌లో జామీ-ప్రపోజ్డ్‌కు ప్రయారిటీ 400 ఇస్తే ఆ బెడద ఉండదు.

అసలు పని ఇక్కడే మొదలవుతుంది. కొత్తది ఎక్కించకముందే, పాత వెర్షన్‌లో బగ్ నిజంగా వస్తోందా అని చూడాలి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. బగ్ రాని సిస్టమ్‌లో 'బాగుంది' అని రాస్తే ఆ మాటకు విలువే లేదు. తర్వాత సవరణ వల్ల పక్కన ఇంకేం చెడిందో వెతకాలి. లిబ్రేఆఫీస్, ఫాంట్ సవరణలైతే మనమే చూసుకోవాలి, తెలుగు చదవలేనివాళ్లకు ఒత్తు జారినా తెలియదు. శ్రీకాకుళం, ఇచ్ఛాపురం, పార్వతీపురం, లక్ష్మీ అని టైప్ చేసి తెర మీద, పీడీఎఫ్‌లో, ప్రింటులో మూడుచోట్లా పోల్చండి. 'సాఫ్ట్‌వేర్' కూడా రాయండి. మధ్యలోని కనిపించని క్యారెక్టర్ పోతే వకారం కిందికి దిగి 'సాఫ్ట్వేర్' అవుతుంది. పీడీఎఫ్ నుంచి కాపీ చేసి మళ్లీ పేస్ట్ చేస్తే ఇంకొన్ని లోపాలు బయటపడతాయి.

లాంచ్‌ప్యాడ్‌లో ప్యాకేజీ వెర్షన్ నంబర్, చేసిన మెట్లు, వచ్చిన ఫలితం రాసి, వెరిఫికేషన్-నీడెడ్-నోబుల్ ట్యాగ్‌ను డన్ అనో ఫెయిల్డ్ అనో మార్చాలి. ఫెయిల్ అయితే పాత వెర్షన్ నంబర్ ఇచ్చి మీరే వెనక్కి దించుకోవాలి, తనంతట అది దిగదు. ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోతే, ప్యాకేజీలను అమర్చే డీపీకేజీ కమాండ్‌ను 'కాన్ఫిగర్ ఆల్'తో నడిపితే సాధారణంగా గాడిన పడుతుంది.

7 రోజులు గడిచి పాసైనా అందరికీ ఒకేసారి ఇవ్వరు. మొదట 10 శాతం సిస్టమ్‌లకు ఇచ్చి, 6 గంటలకోసారి పెంచుకుంటూ పోతారు. క్రాష్ రిపోర్టులు పెరిగితే ఆపేస్తారు. ఈ అంచెల పద్ధతే నాకు అన్నిటికన్నా నచ్చింది. ఎవరి వంతు ఎప్పుడన్నది మెషీన్-ఐడీ (ప్రతి సిస్టమ్‌కూ ఉండే గుర్తింపు సంఖ్య) మీద ఆధారపడుతుంది. ఒకే ఇమేజ్‌తో క్లోన్ చేసిన ల్యాబులో ఆ ఐడీ అన్నిటికీ ఒకటే కనుక, చెడ్డ అప్‌డేట్ వస్తే ల్యాబ్ మొత్తం ఒకేసారి పడుతుంది. క్లోన్ చేయబోయే ముందు మాస్టర్ సిస్టమ్‌లోని ఈటీసీ ఫోల్డర్ కింద మెషీన్-ఐడీ ఫైల్‌ను ఖాళీ చేసి ఉంచండి. ప్రతి సిస్టమ్ మొదటి బూట్‌లో తన ఐడీ తానే తయారుచేసుకుంటుంది.