వేరుశనగ చట్నీ జార్: కడిగి వాడాలా, వేరేది పెట్టాలా?

పలాస చుట్టుపక్కల హోటళ్లలో గ్రేవీకి జీడిపప్పు, టిఫిన్‌కి వేరుశనగ చట్నీ మామూలే. ఇవి తింటే అలర్జీ వచ్చే కస్టమర్ కొబ్బరి చట్నీ అడిగితే, ఉన్న మిక్సీ జార్‌ని కడిగి వాడొచ్చు, లేదా వేరే జార్ పెట్టుకోవచ్చు.

కడగడం చవక. కానీ నీళ్లు పోసి ఓ తిప్పు తిప్పి పారబోస్తే కుదరదు. మూత రబ్బరు ఊడదీయాలి, బ్లేడు మొదట్లో బ్రష్ పెట్టాలి, వేడినీళ్లు, సబ్బుతో రుద్ది, ధారగా పడే నీళ్లలో కడిగి ఆరబెట్టాలి. రబ్బరు సందులో మిగిలిన కాస్త ముద్ద చాలు, కొందరికి ఊపిరాడని స్థితి రావడానికి. మరిగే నీళ్లు, శానిటైజర్ క్రిముల్ని చంపుతాయి గానీ వేరుశనగ ప్రోటీన్‌ని పోగొట్టవు. రుద్ది కడిగితేనే పోతుంది. పొద్దున్న రద్దీలో ఇదంతా ఎవరు చేస్తారు?

అందుకే మా ఓటు వేరే జార్‌కే. రంగు టేపు చుట్టి, గరిటె, గిన్నె కూడా దానికే కేటాయించాలి. గరిటె ఒకటే అయితే జార్ కొన్నది దండగ. చట్నీ చిక్కబడడానికి నాలుగు వేరుశనగ గుళ్లు పడేసే అలవాటుంటే అదీ మానాలి.

ఉన్నది ఒకటే జార్ అయితే, తెల్లారే శుభ్రంగా కడిగి ముందు కొబ్బరి రుబ్బేసి, తర్వాతే వేరుశనగ. రాతి గ్రైండర్‌ని మాత్రం కడిగినా నమ్మలేం, రాయి గరుకులో పిండి ఇరుక్కుంటుంది. వేరుశనగ పకోడీ వేసిన మూకుడు నూనెకైతే కడగడమనే మాటే లేదు, నూనె, మూకుడు రెండూ వేరేవే ఉండాలి.